కిటికీలోంచి దిగిన బుట్ట

పోర్తో ఊళ్లో నది ఒడ్డు పేట రిబైరాలో, రాళ్లు పరిచిన సందుల మీద చక్రాల పెట్టెలు దొర్లే చప్పుడు పొద్దున్నే మొదలవుతుంది. ఒకప్పుడు ఆ వేళకి చేపలమ్మే ఆడవాళ్ల కేకలు వినపడేవి. ఇప్పుడు చేపలు లేవు, కేకలు లేవు. పెట్టెలు మాత్రం మెట్లు దిగి నది ఒడ్డుకి వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. ఆ పెట్టెలవాళ్లు పడుకుని లేచిన పక్కబట్టలు మార్చడం ఒదేత్ ఉద్యోగం.

ఒదేత్‌కి యాభై తొమ్మిదేళ్లు. పొట్టి మనిషి, గట్టి మనిషి. మోకాళ్లు మాత్రం మనిషికంటే ముందే ముసలివైపోయాయి. పోర్తో ఊరి చివర మున్సిపాలిటీ కట్టించిన బ్లాకుల్లో కాపురం. అక్కణ్ణించి రెండు బస్సులు మారి వచ్చి, టూరిస్టులకు అద్దెకిచ్చే ఇళ్లు అరడజను తుడిచి, మళ్లీ రెండు బస్సులు మారి ఇంటికి పోతుంది. ఆ అరడజనులో ఒకటి ఆవిడ పుట్టిన ఇల్లు.

ఈ సంగతి తెలిసినవాళ్లు అయ్యో పాపం అంటారు. ఒదేత్ అనదు. "పుట్టిన ఇల్లైతే మాత్రం బాత్రూం దానంతటదే కడుక్కుంటుందా?" అంటుంది. తనమీద తాను జాలిపడ్డానికైనా కాస్త ఓపిక ఉండాలి. ఆ ఓపిక ఆవిడకి మూడో అంతస్తు ఎక్కేసరికే అయిపోతుంది.

ఆ మూడో అంతస్తు ఇల్లు వాళ్లమ్మ జుల్మీరాది. సొంతం కాదు, అద్దెదే. కానీ అరవై ఏళ్లు కాపురమున్న ఇంటిని నీది కాదని ఎవడైనా అంటే జుల్మీరా వాడి ఏడు తరాల్నీ దులిపి ఆరేసేది. ఆవిడ బతికిందే బట్టలుతికి. పై వీధుల్లో పెద్ద ఇళ్లవాళ్ల దుప్పట్లన్నీ రేవులో ఆవిడ చేతుల్లో తెల్లబడేవి. మొగుడు దౌరో నది మీద సరుకు పడవలో పనిచేసేవాడు. ఒక చలికాలం నది పొంగినప్పుడు వెళ్లినవాడు తిరిగి రాలేదు. అప్పటికి ఒదేత్ చంకలో పిల్ల. ఆ పిల్లని రేవుకి తెచ్చి, నడుముకో తాడు కట్టి, రెండో కొస ఉతికే రాతికి ముడేసేది జుల్మీరా. ఒకణ్ణి మింగింది చాలు, దీన్ని మింగనివ్వను అని నదిని తిడుతూ ఉతికేది.

పిల్ల కాస్త పెరిగాక తాడు విప్పింది. విప్పిందే తడవు, ఒదేత్ ఒడ్డుకే అంకితమైపోయింది. మగపిల్లలు వంతెన మీంచి నదిలోకి దూకుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ ఆకలి కూడా మర్చిపోయేది. జుల్మీరా బల్ల మీద రెండు పళ్లేలు పెట్టి, కిటికీలో నిలబడి కేకేసేది. ఆవిడ గొంతు సామాన్యమైంది కాదు. అవతలి ఒడ్డున వైన్ గోదాముల్లో పీపాలు దొర్లించేవాళ్లు కూడా ఆగి తలెత్తి చూసేవాళ్లు. ఒడ్డు మీదివాళ్లు ఆ కేకని అందుకుని, "ఒదేతూ, మీ అమ్మ పిలుస్తోందే" అంటూ ఒకరి నుంచి ఒకరికి అందించి పిల్ల చెవిదాకా చేర్చేవాళ్లు. పిల్ల మెట్లెక్కుతూ మలుపు దగ్గరే "వచ్చేశానమ్మా" అని అరిచేది. ముందే అరిస్తే ఒక దెబ్బ తగ్గేది. "చేతులు కడుక్కుని తగలడు" అనేది జుల్మీరా, అప్పుడు కూచుని తినేది.

రొట్టె కోసం మూడంతస్తులు ఎవరు దిగి ఎక్కుతారు? ఆ సందులో ప్రతి కిటికీకీ ఒక బుట్ట, బుట్టకో పొడుగు తాడు ఉండేవి. పొద్దున్నే ఖాళీ బుట్ట దింపితే రొట్టెల కొట్టు పిల్ల ఆల్దా అందులో మొలెత్‌లు వేసేది. మొలెత్ అంటే మా చిన్న గుండ్రొట్టె. మిగతా దేశం దాన్ని ఇంకేదో పేరుతో పిలుస్తుంది, వాళ్ల ఖర్మ. రొట్టెలు వేశాక తాడు రెండుసార్లు గుంజి, "లాగండి" అని కేకేసేది. డబ్బుల సంగతి ఎప్పుడో వారాంతంలో. బుట్టలో డబ్బు వేసి దింపడమంటే రొట్టెలవాడిని నమ్మనట్టు. రొట్టెలవాడు ఆ బుట్టలో డబ్బు వేయడమనేది కలలో మాట.

ఒదేత్ చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసింది, ఫ్యాక్టరీ మూతపడింది. పెళ్లి చేసుకుంది, అదీ నాలుగేళ్లకి మూతపడింది. మళ్లీ తల్లి దగ్గరికే చేరింది. తొమ్మిదేళ్ల కిందట ఇల్లు అద్దెకిచ్చిన ఆసామి పోతే ఆయన మనవలు ఆ మేడని అమ్మేశారు. తల్లీ కూతుళ్లకి మున్సిపాలిటీ ఊరి చివర రెండు గదులిచ్చింది. సామాను కట్టేటప్పుడు జుల్మీరా బుట్టని మాత్రం తీసుకోలేదు. "అక్కడ ఆరో అంతస్తట. అంత తాడు ఎవడి దగ్గరుంది? ఉండనీ, వచ్చినప్పుడు పనికొస్తుంది" అంది.

కొన్నవాళ్లు గోడలు పడగొట్టి, సున్నం తెల్లగా వేసి, మంచాలు తెచ్చి వేశారు. జుల్మీరా బుట్టని పారెయ్యలేదు. గోడకి మేకు కొట్టి తగిలించారు, పాతకాలం వస్తువని. కిటికీ బయట తీగ మీద రెండు కుట్టుపని తువ్వాళ్లు, ఒక చంటిపిల్ల గౌను ఎప్పుడూ ఆరుతూ ఉండాలని ఇళ్లు అద్దెకిచ్చే ఏజెన్సీ రూలు. కింద నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లకి కళగా ఉంటుందట. ఎవరూ తొడగని ఆ గౌనుని ఒదేత్ వారం వారం ఉతికి ఆరేస్తుంది. దీన్ని మించిన వెర్రి పని లోకంలో లేదని ఆవిడకి తెలుసు. ఆ పనికీ జీతమిస్తున్నారు కదా అని నోరుమూసుకుంటుంది.

ఇదంతా ఎలాగో ఈడ్చుకొస్తుండగా జుల్మీరాకి మతిమరుపు పట్టుకుంది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, పట్టుకోక ఏం చేస్తుంది. సాయంత్రమైతే చాలు, ఒక దుప్పట్లో రెండు బట్టలు మూటకట్టుకుని గుమ్మం దగ్గర కూచునేది.

"చూడమ్మా, నువ్వెవరో మంచిదానిలా ఉన్నావు. నన్ను మా ఇంటికి దింపేద్దూ" అనేది కూతురితో.

"రేపు దింపుతానులే" అనేది ఒదేత్. ఆ రేపు రెండేళ్లుగా వాయిదా పడుతూనే ఉంది.

అక్కడితో ఆగినా బాగుండేది. జూన్ నెల వచ్చేసరికి జుల్మీరా తినడం మానేసింది. చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించేది. "పరాయి కొంపలో నాకు ముద్ద దిగదు" అనేది. ఒదేత్ సూపు చేసింది, చేపల పులుసు చేసింది, ఆవిడ ప్రాణం పెట్టే బియ్యం పాయసం చేసింది. బతిమాలింది, కసిరింది, చంటిపిల్లకి చెప్పినట్టు కబుర్లు చెప్పింది. కాసిని పాలు తప్ప ఏవీ లోపలికి పోలేదు. డాక్టరమ్మ చూసి, ఈ వారం దాటితే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదు అంది. ఒదేత్ బస్సులో కూచుని ఆ గొట్టం గురించే ఆలోచించింది. అసలే ఒళ్లు హూనమై ఉంది. దాని మీద ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

అలా ఒకనాడు ఆవిడకి ఒక బుద్ధి పుట్టింది. పరాయి కొంపలో తినదు, సరే. సొంత ఇంట్లో తింటుందేమో? తాళం చెవి తన దగ్గరే ఉంది. పొద్దున్న ఒక జంట ఖాళీ చేస్తుంది, సాయంత్రం ఇంకో జంట దిగుతుంది. మధ్యలో అమ్మని తీసుకెళ్లి, నాలుగు చెంచాల సూపు తాగించి, వెనక్కి తీసుకొచ్చేస్తే? ఏజెన్సీకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడు? రాత్రంతా అటూ ఇటూ దొర్లి, పొద్దున్న లేచి క్యాబేజీ సూపు కాచి డబ్బాలో పోసింది.

తల్లిని నడిపించుకుంటూ వచ్చేసరికి సందు మొదట్లో సిప్రియానో ముక్కాలి పీట మీద కూచుని ఉన్నాడు. ఆ సందులో మిగిలిన పాత మనిషి ఆయనొక్కడే. నేల ఇంట్లో ఉంటాడు, ఒకప్పుడు పడవ నడిపేవాడు. టూరిస్టులు ఆయన్ని ఫొటో తీసినప్పుడల్లా నాలుక బయటపెడతాడు. అందుకే ఆయన ఫొటోలు ఇంకా ఎక్కువ తీస్తారు. కిటికీ గట్టు మీద తులసిలాంటి కుండీ మొక్క ఉంది, సెయింట్ జాన్ పండక్కి అందరూ కొనేది. ఎవరైనా దానికి ముక్కు ఆనిస్తే వాడిపోతుందని ఆ వచ్చేపోయేవాళ్లని కసురుకుంటూ ఉంటాడు.

జుల్మీరా ఆగి, అరచెయ్యి మొక్క మీద నిమిరి, ఆ చేతిని వాసన చూసుకుంది. అలా చూడాలని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"జుల్మీరక్కా" అంటూ లేచాడు సిప్రియానో.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఎవరో పోల్చుకోలేదు. కానీ గొంతు విన్నది. "సిప్రియానో గొంతులా ఉందే" అంది ఒదేత్‌తో. "వాడు చాలా తిరుగుబోతు, జాగ్రత్త."

"ఇప్పుడు తిరగడానికి కాళ్లెక్కడివక్కా" అన్నాడాయన. తర్వాత ఒదేత్‌తో మెల్లగా, "ఏమే, పైకే తీసుకెళ్తున్నావా? ఆ అమ్మాయికి తెలిస్తే?" అన్నాడు. ఆ అమ్మాయంటే కాతియా, ఏజెన్సీలో ఒదేత్ మీద అజమాయిషీ చేసే మనిషి.

"తెలిస్తే తెలుస్తుంది మావయ్యా. గంటలో దించేస్తాను."

మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. మలుపు దగ్గర జుల్మీరా ఒక మెట్టుని వదిలేసి కాలు పైకి ఎత్తి వేసింది. ఆ మెట్టు ఒకప్పుడు విరిగి ఉండేది. కొన్నవాళ్లు ఎప్పుడో బాగుచేశారు. ఒదేత్ అది చూసి, అమ్మయ్య, గుర్తుంది, ఇక తింటుంది అనుకుంది.

తలుపు తీశాక ఆ సంబరం కాస్తా దిగిపోయింది. జుల్మీరా గుమ్మంలోనే నిలబడి తెల్ల గోడల్ని, తెల్ల మంచాన్ని, గాజు బల్లని చూసింది.

"ఇదేమిటి, ఆసుపత్రా?"

"మన ఇల్లేనమ్మా. నీ ఇల్లు."

"నా ఇంట్లో గాజు బల్ల ఎందుకుంటుందమ్మా? ఎవరో డాక్టరుగారి ఇల్లులా ఉంది. పోదాం పద, తిడతారు."

ఒదేత్ ఆవిడని కుర్చీలో కూచోబెట్టి, సూపు వెచ్చబెట్టి తెచ్చింది. చెంచా నోటికి ఆనించింది. పెదాలు బిగుసుకున్నాయి. ఇంకోసారి ఆనించింది. సూపు గడ్డం మీంచి కారి బట్టల మీద పడింది.

"పరాయి కొంపలో..." అని మొదలుపెట్టింది జుల్మీరా.

"పరాయిదా? ఇది పరాయిదా?" ఒదేత్ చెంచా బల్ల మీద పడేసింది. "రెండు బస్సులెక్కించి తెచ్చానమ్మా నిన్ను. నా కొలువు పోతుందని తెలిసీ తెచ్చాను. నువ్విది కూడా పోల్చుకోకపోతే నేనేం చెయ్యాలి? నాకిక ఓపిక లేదు. తినకపోతే మానెయ్యి, గొట్టం వేయించుకో."

అనేసింది. అనేశాక నిలబడలేకపోయింది. బాత్రూంలోకి పోయి, తొట్టి అంచు మీద కూచుని, ఏడుపు కూడా సరిగ్గా రాక, అద్దం మీద ఉన్న మరకల్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. చేతులకి అదొక్కటే తెలుసు. తల్లి మీద కోపమా, ఆ గాజు బల్ల మీద కోపమా, దేని మీదో తెలీని కోపంతో అద్దాన్ని రుద్దింది. ఇంతలో జేబులో ఫోను మోగింది. కాతియా.

"ఒదేత్ గారూ, మూడో అంతస్తు వాళ్ల విమానం ముందే దిగిందట. దారిలో ఉన్నారు. రెడీయేనా?"

"అయిపోతోందమ్మా" అంది ఒదేత్. ఏం అయిపోతోందో ఆవిడకే తెలీదు.

అప్పుడు కింద సందులో నవ్వులు వినిపించాయి. ఒదేత్ గుడ్డ పారేసి బయటికి వచ్చింది. గోడకి బుట్ట లేదు. జుల్మీరా కిటికీలో నిలబడి ఉంది. చేతి మీంచి తాడు జారుతోంది, ఏ మాత్రం తొందర లేకుండా, ఎన్నేళ్ల అలవాటో ఆ చేతులది. కిటికీలోంచి నది కనపడుతోంది, వంతెన కనపడుతోంది, అవతలి ఒడ్డున గోదాముల ఎర్ర పెంకులు కనపడుతున్నాయి. గోడలకి ఎన్ని రంగులు వేసినా కిటికీలోని నదిని ఎవరు మారుస్తారు?

"ఈ పూట ఆల్దా ఆలస్యం చేసింది" అంది జుల్మీరా, వెనక్కి తిరక్కుండానే. మొహం మీద ఆ బెదురు లేదు. ఎదురు కిటికీకేసి చూసి, "ఫెలిస్మినా, మీకు రొట్టె వచ్చిందా?" అని కేకేసింది.

ఫెలిస్మినా పోయి ఏళ్లయింది. ఆ కిటికీలో చెవులకి ఏవో తగిలించుకున్న ఎర్రజుట్టు కుర్రాడు చెయ్యి ఊపాడు.

"చిక్కిపోయిందే పాపం" అంది జుల్మీరా.

కింద బుట్ట నేలకి ఆనింది. చుట్టూ జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. గడ్డి టోపీ పెట్టుకున్న ఒకావిడ, పక్కన పసుపుపచ్చ పెట్టె నిలబెట్టి, మురిసిపోతూ పర్సు తీసి బుట్టలో ఒక నాణెం వేసింది. ఆవిణ్ణి చూసి ఇంకొకడు వేశాడు. ఇంకో ఇద్దరు వేశారు. పాపం, వాళ్ల ఊళ్లలో కిటికీలోంచి బుట్ట దిగితే అర్థం అదే కాబోలు.

జుల్మీరా తాడు లాగింది. బుట్టలో చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదేమిటే? రొట్టె అడిగితే డబ్బులు వేశారేమిటి? నేనేమన్నా బిచ్చమడిగానా?" ఒదేత్ చెయ్యి చాచేలోపే ఆ నాణేలన్నీ గుప్పిట పట్టి కిందికి విసిరింది. ఒకటి గడ్డి టోపీ మీద పడి ఎగిరింది. వెంట నాలుగు తిట్లు కూడా విసిరింది, రేవులో తిట్టుకునేవి, అచ్చులో పెట్టరానివి. జనం చప్పట్లు కొట్టారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు.

"అక్కా, గురి ఇంకా తప్పలేదే" అన్నాడు సిప్రియానో కిందనించి.

"నువ్వింకా చావలేదట్రా? ఆ ఆల్దాని పిలు. రొట్టె లేకుండా నా పిల్లకి ఏం పెట్టను?"

తాడు మళ్లీ జారింది. బుట్ట మళ్లీ దిగింది, ఖాళీగా.

ఒదేత్ ఇక ఏమీ ఆలోచించలేదు. ఏజెన్సీ ఇచ్చిన తెల్ల ఏప్రన్‌తోనే మెట్లు దిగింది, మోకాళ్లు వద్దు వద్దంటున్నా దిగింది. రొట్టెల కొట్టు ఉన్నచోట ఇప్పుడు ఫ్రిజ్జులకి అతికించే బొమ్మలు అమ్ముతారు. నిజం రొట్టె కావాలంటే కొండెక్కి పై వీధికి పోవాలి. సందు మధ్యలో దిక్కులు చూస్తూ నిలబడింది.

సిప్రియానో ఇంట్లోకి వెళ్లి ఒక గుడ్డసంచీ తెచ్చి చేతిలో పెట్టాడు. "నా మధ్యాహ్నానివి. పొద్దున్నవే, మెత్తగానే ఉన్నాయి."

జనాన్ని భుజాలతో తోసుకుంటూ ఒదేత్ బుట్ట దగ్గరికి చేరింది. మొలెత్‌లు అందులో పెట్టింది. తాడు రెండుసార్లు గుంజింది.

"జుల్మీరాగారూ, లాగండి."

పైనుంచి జుల్మీరా తొంగి చూసింది. అంత ఎత్తు నుంచి తెల్ల ఏప్రన్ ఒక్కటే కనిపించి ఉంటుంది.

"ఆల్దా, నువ్వేనా?"

"నేనేనండి."

"ఇంతసేపా? సర్లే. ఇదుగో విను. మా పిల్ల ఒడ్డు మీద ఎక్కడైనా కనపడిందా?"

ఒదేత్ తాడు పట్టుకునే తలెత్తి చూసింది.

"నా ఒదేతే. పొద్దుట్నించీ లేదు. దాని పళ్లెం అక్కడే ఉంది. ఎవరెవరో వచ్చి నన్ను తినమంటారు, చెంచాలు నోట్లో కుక్కుతారు. అది తిరిగి రాకుండా నేనెలా తింటానే? ఒకసారి ఆ నీళ్లు నా ఇంట్లోంచి ఒకణ్ణి తీసుకుపోయాయి. పిల్ల మొహం చూసేదాకా నాకు ముద్ద దిగదు. కనపడితే చెప్పు, అమ్మ తినకుండా కూచుందని."

బుట్ట పైకి పోయింది. ఒదేత్ తాడు వదిలేసిన చెయ్యి అలాగే గాల్లో పెట్టి నిలబడింది. ఎవరెవరో వచ్చి చెంచాలు కుక్కింది తనే. ఈ నెలంతా ఆవిడ ఎదురుగా కూచుని, తినమ్మా తినమ్మా అని ప్రాణం తీసింది తనే. తల్లి ఎదురు చూసింది కూడా తన కోసమే.

"చెప్తానండి" అంది చివరికి. అది పైదాకా వినపడిందో లేదో.

సిప్రియానో గొంతు సవరించుకున్నాడు. ఏళ్ల తరబడి ఆ ఒడ్డు మీద ఎవరూ అనని మాట అన్నాడు.

"ఒదేతూ, మీ అమ్మ పిలుస్తోందే. పో."

గడ్డి టోపీ ఆవిడ, ఆవిడ మొగుడు, పసుపుపచ్చ పెట్టె లాక్కుంటూ దగ్గరికి వచ్చారు. ఆయన ఫోనులో ఇంటి ఫొటో చూపించి, ఆ మేడకేసి వేలు పెట్టి, ఇదేనా అన్నట్టు తలాడించాడు. సాయంత్రం దిగవలసినవాళ్లు వీళ్లే. ఒదేత్ ఫొటో చూసింది. తెల్ల గోడ, గాజు బల్ల, గోడ మీద బుట్ట. అరచెయ్యి చూపించి, ఆగండి అన్నట్టు సైగ చేసి, మెట్ల వైపు తిరిగింది.

మలుపు దాకా గోడ పట్టుకుని ఎక్కింది. అక్కడ ఆగింది, ఆయాసానికి. యాభై తొమ్మిదేళ్ల మనిషి, బొంగురు గొంతు. సిగ్గేసింది. ఎవరైనా వింటే పిచ్చిదంటారు. అయినా అరిచింది.

"వచ్చేశానమ్మా."

ఇంకో రెండు మెట్లెక్కింది. అప్పుడు, తలుపులోంచి, విసుగ్గా, ఆ పాత గొంతు వచ్చింది.

"చేతులు కడుక్కుని తగలడు."

గాజు బల్ల మీద ఏజెన్సీ తెల్ల పళ్లేలు రెండు ఎదురెదురుగా ఉన్నాయి. ఒదేత్ చేతులు కడుక్కుని వచ్చింది. తల్లి తలెత్తి మొహంలోకి చూస్తుందేమో, ఎవరమ్మా నువ్వు అంటుందేమో అని బెదురుతూ కుర్చీ లాక్కుంది. జుల్మీరా చూడలేదు. మొలెత్‌ని రెండుగా విరిచి, పెద్ద ముక్క కూతురి పళ్లెంలో పడేసింది. తన ముక్కని చల్లారిపోయిన సూపులో ముంచింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. మళ్లీ ముంచింది.

"జుట్టంతా తడిపావు కదే నీళ్లలో" అంది.

"లేదమ్మా" అంది ఒదేత్, మొహం తుడుచుకుంటూ.

కింద గంట మోగింది. జేబులో ఫోను కూడా అందుకుంది, కాతియానే అయ్యుంటుంది. గంట ఇంకోసారి మోగింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వచ్చినవాళ్లని వాకిట్లో నిలబెట్టలేదు ఒదేత్. అలవాటుగా సగం లేచింది.

"ఎవరే అది?" అంది జుల్మీరా, నోటినిండా రొట్టెతో.

"ఎవరో అమ్మా, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు."

"అయితే చూడనీ. నువ్వు తిను."

ఒదేత్ కూచుంది. పళ్లెంలోని పెద్ద ముక్క తీసుకుంది.